స్కోరు కింద గోల్‌కీపరు పేరు కూడా అచ్చువేయండి

సంపాదకుల వారికి,

నమస్కారాలు. మీ పత్రిక జిల్లా సంచికలో వచ్చే క్రీడల పేజీని చాలా ఏళ్ళుగా విడవకుండా చదువుతున్నాను. బడుల మధ్య, కళాశాలల మధ్య ఫుట్‌బాల్ పోటీలు జరిగినప్పుడల్లా ఏ జట్టు గెలిచింది, ఎవరు ఏ నిమిషంలో గోల్ కొట్టారు, బహుమతులు ఎవరి చేతుల మీదుగా అందాయి అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. 1–0 అని స్కోరు వేస్తారు. ఆ ఒకటి ఎవరిదో పేరు ఉంటుంది గాని ఆ సున్నా ఎవరిదో ఎన్నడూ ఉండదు. ఆట మొదలైనప్పటి నుంచి చివరి విజిలు దాకా ఒక్క బంతిని కూడా గీత దాటనివ్వకుండా కాచిన పిల్లవాడెవరో పాఠకుడికి తెలియదు, మరుసటి ఏడాది ఆ పిల్లవాణ్ణి వెతుక్కుంటూ రాగలిగిన శిక్షకుడికీ తెలియదు. దయచేసి ఇకనుంచి స్కోరు కింద రెండు జట్ల గోల్‌కీపర్ల పేర్లు కూడా అచ్చువేయించండి అని కోరడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. కోరిక చిన్నదే గాని దాని వెనక ఉన్న సంగతి పెద్దది కాబట్టి ఉత్తరం పొడవైతే మన్నించండి.

నేను కోనసీమలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్ఫై రెండేళ్ళు వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా వైపు ఆటలంటే కబడ్డీ, వాలీబాల్, ఆ తర్వాత క్రికెట్. ఫుట్‌బాల్‌కు చోటు తక్కువ, ఈ మాట నేల గురించే అంటున్నాను. సార్వా, దాళ్వా రెండు పంటలూ పండే చేలు ఖాళీగా ఉండే రోజులు ఏడాదికి కొన్నే. మిగిలినదంతా కొబ్బరితోట, కాలువ గట్టు, చెరువు. బడి ఆవరణలో ఉన్న స్థలానికి పదకొండు మంది చొప్పున రెండు జట్లు ఇమడవు కాబట్టి ఏడుగురేసి ఆడించేవాణ్ణి. ఆ ఏడుగురిలో గోల్‌లోకి ఎవరు వెళ్ళాలన్న ప్రశ్న వచ్చినప్పుడు పిల్లలు చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే: పరిగెత్తలేనివాడు, లావుగా ఉన్నవాడు, కొత్తగా బళ్ళో చేరినవాడు, నన్ను ఆడనివ్వండని గట్టిగా అడగలేనివాడు. నేను కూడా మొదటి పదేళ్ళు అదే పద్ధతి సాగనిచ్చాను. ఆ పదేళ్ళలో నా చేతి కింద నుంచి ఎంతమంది మంచి గోల్‌కీపర్లు కాగలిగినవాళ్ళు ఏమీ నేర్చుకోకుండా వెళ్ళిపోయారో తలుచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది.

ఆ పద్ధతిని నా చేత మాన్పించినవాడు ఒక దింపు కార్మికుడి, అంటే కొబ్బరిచెట్లు ఎక్కి కాయలు దింపేవాడి, కొడుకు. సెలవుల్లో తండ్రితో పాటు తోటలకు వెళ్ళి కాయలు పోగు చేసేవాడు. ఒకరోజు అంబాజీపేట రోడ్డు మీద లారీకి కాయలు ఎత్తుతున్నప్పుడు వాణ్ణి చూశాను. కింద నిలబడినవాడు రెండేసి కాయలు విసురుతుంటే వీడు లారీ మీద నిలబడి పట్టుకుని వెనక్కి వేస్తున్నాడు. కాయ అందే ముందే వాడి చేతులు దానికి ఎదురువెళ్ళి, అందిన మరుక్షణం పొట్ట వైపు మెత్తగా వెనక్కి వస్తున్నాయి. అలా రాకపోతే ఎండిన కొబ్బరికాయ బరువుకు వేళ్ళ కీళ్ళు కదిలిపోతాయి. ఎవరూ నేర్పకుండా ఆ చేతులకు ఆ విద్య వచ్చింది. గోల్‌కీపరుకు మొదట నేర్పవలసినది సరిగ్గా అదే. బంతిని కొట్టినట్టు పట్టకూడదు, దాని వేగాన్ని చేతుల్లోకి తీసుకోవాలి. సోమవారం నాడు బడి తెరవగానే వాణ్ణి పిలిచి గోల్‌లో నిలబెట్టాను. చేతి తొడుగులు కొనే స్థోమత బడికీ లేదు, వాడికీ లేదు. ఇనుప సామాన్ల కొట్లో కూలి పనికి అమ్మే, అరచేతికి రబ్బరు పూసిన తొడుగులు కొనిచ్చాను. వాన పడితే అవి జారిపోయేవి, ఎండలో చెమట పట్టేవి. అయినా వాటితోనే మూడేళ్ళు ఆడాడు.

వాళ్ళ నాన్న వారం తిరక్కుండా బడికి వచ్చాడు. “ఏవండీ మాస్టారూ, పిల్లలందరూ అటూ ఇటూ పరిగెడతా ఉంటే మావోణ్ణి ఒక్కణ్ణీ గుంజకి కట్టేసినట్టు ఇక్కడ నిలబెట్టేశారేంటండీ?” అని అడిగాడు. అందులో బాధ ఉంది. బళ్ళో తన కొడుకును పక్కన పెట్టారేమోనన్న అనుమానం కూడా ఉంది. ఆ అనుమానం ఆయనకు ఊరికే రాలేదు. గోల్‌కీపరు అన్న చోటును మనమే అంత తక్కువ చేసి పెట్టాం కాబట్టి వచ్చింది. మాటలతో చెప్పి ఒప్పించలేక, ఆ సాయంత్రం ఆయన ఎదురుగానే ఒక పాఠం చెప్పాను.

మా మైదానంలో గోల్ అంటే రెండు సరుగుడు బాదులు, వాటి మీద అడ్డంగా ఒక వెదురు. కొలత మాత్రం తప్పనిచ్చేవాణ్ణి కాదు. 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు, అంటే దాదాపు 18 చదరపు మీటర్ల ఖాళీ, దానికి కాపలా ఒక్క మనిషి. రెండు బాదులకూ రెండు కొబ్బరి తాళ్ళు కట్టి, రెండు కొసలనూ తెచ్చి పెనాల్టీ చుక్క మీద, అంటే గీతకు 11 మీటర్ల దూరంలో ఉంచిన బంతి దగ్గర మేకు దిగ్గొట్టి ముడి వేశాను. పిల్లవాణ్ణి గీత మీద చేతులు చాచి నిలబడమన్నాను. చేతికీ తాడుకూ మధ్య ఇటూ అటూ చెరో మూడు మీటర్ల దాకా ఖాళీ కనిపించింది. ఒక్కో అడుగు ముందుకు వేయమన్నాను. అడుగు వేసిన కొద్దీ తాళ్ళు దగ్గరికి వచ్చాయి. బంతికి రెండున్నర మీటర్ల దూరం వచ్చేసరికి రెండు చేతుల వేళ్ళూ రెండు తాళ్ళనూ తాకాయి. వాడు ఒకసారి వెనక్కి తిరిగి బాదుల వైపు చూసి, “గోల్ చిన్నదైపోయిందండీ” అన్నాడు. గోల్ చిన్నది కాలేదు, కొట్టేవాడికి కనిపించే దారి చిన్నదైంది. ఆట సాగుతుండగా అదే అడుగు అరక్షణం ముందు వేస్తే బంతిని తల మీదుగా లేపి వేస్తారు, ఆలస్యంగా వేస్తే పక్కనుంచి కొడతారు. ఎప్పుడు ముందుకు రావాలి, ఎప్పుడు ఆగాలి అన్నది నేర్చుకోవడానికే గోల్‌కీపరు జీవితంలో సగం గడిచిపోతుంది. వాళ్ళ నాన్న తాడు పట్టుకుని కాసేపు నిలబడి, ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు పీచు మిల్లు నుంచి కొబ్బరి పొట్టు నాలుగు గోతాలు రిక్షా మీద వేయించుకుని వచ్చి, పిల్లవాడు పడే చోట దెబ్బ తగలకుండా గోల్ ముందు పరిచిపోయాడు.

ఆ పొట్టు మీదే పడటం నేర్పాను. పడటం కూడా నేర్చుకోవలసిన విద్యేనని చాలామంది అనుకోరు. మోచేయి ముందు ఆనితే భుజం ఎముక పోతుంది. పిక్క, తొడ, నడుము, భుజం వరసగా ఒకదాని తర్వాత ఒకటి నేలను తాకుతూ బరువును పంచుకోవాలి, కళ్ళు మాత్రం బంతి మీద నుంచి కదలకూడదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో కొట్టిన పెనాల్టీ బంతి 11 మీటర్ల దూరాన్ని సెకనులో పది వంతుల్లో నాలుగు వంతుల కాలంలో దాటుతుంది. బంతి వదిలాక చూసి కదిలితే అందదు. కొట్టేవాడి నడుము తిరిగే తీరు, ఆనుకున్న కాలు చూపే దిక్కు, ముందు కొట్టిన బంతులు ఎటు వెళ్ళాయన్న జ్ఞాపకం, ఇవన్నీ కలిపి ముందే నిర్ణయించుకోవాలి. అందులో కూడా కాలి కొసైనా గీత మీద ఉండాలన్న నియమం ఉంది. 1992లో తమ జట్టువాడు కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపరు చేత్తో పట్టకూడదన్న నిబంధన వచ్చాక కాళ్ళతో ఆడటం కూడా రావలసి వచ్చింది. 2025 నుంచి బంతిని ఎనిమిది సెకన్లకు మించి చేతుల్లో ఉంచుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్, అంటే మైదానం మూల నుంచి బంతి కొట్టే అవకాశం, ఇచ్చే నియమం అమలులోకి వచ్చింది. ఇంత విద్య ఉన్న చోటులోకి ఆడలేనివాణ్ణి తోసేయడం ఎంత పొరపాటో ఆలోచించండి.

ఇక గోల్‌కీపరు వృత్తి జీవితం మిగతా ఆటగాళ్ళ జీవితంలా సాగదు. దీన్ని తల్లిదండ్రులూ, ఎంపిక చేసే పెద్దలూ గట్టిగా గుర్తుపెట్టుకోవాలని నా మనవి. జట్టులో ముందు వరుస ఆటగాడికి చోటు లేకపోతే పక్కన ఆడిస్తారు, రెండో సగంలో దింపుతారు. గోల్‌కీపరుకు చోటు ఒక్కటే. ఆ ఒక్క చోటులో ఒకడు కుదురుకున్నాడంటే రెండోవాడు, మూడోవాడు రోజూ అదే సాధన చేస్తూ, అదే వేడి, అదే అలసట పంచుకుంటూ, ఆట రోజున మాత్రం బెంచీ మీద కూర్చోవాలి. ఈ నిరీక్షణ నెలల లెక్కలో ఉండదు. మన దేశం నుంచి యూరప్ వెళ్ళిన గుర్‌ప్రీత్ సింగ్ సంధునే తీసుకోండి. 2014లో నార్వే దేశపు స్టాబేక్ క్లబ్బులో చేరినవాడికి అక్కడి లీగు మ్యాచ్‌లో గోల్‌లో నిలబడే అవకాశం 2016 దాకా రాలేదు. ఆ ఏడాదే యూరప్ దేశాల క్లబ్బుల మధ్య జరిగే యూరోపా లీగ్ అర్హత పోటీలో ఆడి, ఆ టోర్నమెంటులో ఆడిన తొలి భారతీయుడయ్యాడు. అర్జెంటీనా గోల్‌కీపర్ ఎమిలియానో మార్టినెజ్ సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. పదిహేడేళ్ళ వయసులో ఇంగ్లండ్‌లోని ఆర్సెనల్ క్లబ్బుకు వచ్చినవాణ్ణి దాదాపు పదేళ్ళ పాటు ఈ క్లబ్బుకూ ఆ క్లబ్బుకూ అరువు పంపుతూనే వచ్చారు. దేశం తరఫున తొలి మ్యాచ్ 2021లో, ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో ఆడాడు. మరుసటి ఏడాది డిసెంబరు 18న ప్రపంచ కప్ ఫైనల్లో, అదనపు సమయం కూడా అయిపోవస్తున్న క్షణంలో, ఫ్రాన్స్ ఆటగాడు ఎదురుగా వచ్చి కొట్టిన బంతిని ఎడమ కాలు చాచి ఆపాడు. ఆ కాలు వెనక పన్నెండేళ్ళ నిరీక్షణ ఉంది.

ఆలస్యంగా మొదలైనది ఆలస్యంగానే ముగుస్తుంది, ఈ వృత్తిలో ఉన్న గొప్ప ఊరట అదే. ముప్ఫై దాటితే ముందు వరుసవాడి కాళ్ళు బరువెక్కుతాయి, గోల్‌కీపరుకు మాత్రం అప్పటికే చూపు కుదురుతుంది. ఇటలీ కెప్టెన్ డీనో జోఫ్ 1982లో నలభై ఏళ్ళ వయసులో ప్రపంచ కప్ అందుకున్నాడు. ఈజిప్టు గోల్‌కీపర్ ఎస్సామ్ ఎల్ హదారీ 2018 ప్రపంచ కప్‌లో నలభై ఐదేళ్ళ వయసులో ఆడి, సౌదీ అరేబియా కొట్టిన పెనాల్టీ ఒకటి ఆపాడు. కాబట్టి పదహారేళ్ళ పిల్లవాడు ఒక ఎంపికలో తప్పిపోయాడని ఆ చేతులను ఇక పనికిరావనుకోవడం సరికాదు.

దూరదేశాల పేర్లు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఈ విద్యలో మన తెలుగునేల ఒకప్పుడు ఆసియాలోనే ముందు నిలిచింది. పీటర్ తంగరాజ్ 1935లో హైదరాబాదులో పుట్టి, సికిందరాబాదు క్లబ్బుల్లో ఆడి, సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టుకు ఆడినవాడు. మొదట ఆయన సెంటర్ ఫార్వర్డ్, అంటే ముందు వరుస మధ్యలో ఆడేవాడు, ఆ తర్వాతే గోల్‌లోకి మారాడు. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ జట్లలో ఉన్నాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను మన జట్టు 2–1తో ఓడించి స్వర్ణం గెలిచినప్పుడు గోల్‌లో నిలిచినవాడు ఆయనే. ఆ జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం కూడా హైదరాబాదువాడే. 1967లో తంగరాజ్‌కు అర్జున పురస్కారం వచ్చింది. ఆ ఫైనల్లో గోల్స్ కొట్టిన పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ పేర్లు ఆట తెలిసిన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు; తంగరాజ్ పేరు మా మండలంలో ఆడే పిల్లల్లో ఒక్కడికైనా తెలుసా అని నేను అడిగి చూశాను, ఒక్కడికీ తెలియదు. దగ్గరి కాలంలో కూడా ఇంతే. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు, పెనాల్టీలతో తేలిన ఆ ఫైనల్లో మూడు బంతులు ఆపినవాడు గోవాకు చెందిన లక్ష్మీకాంత్ కట్టిమణి. ఆ రాత్రి మా ఊళ్ళో టీవీ చూసిన కుర్రాళ్ళు కేకలు వేసి సంతోషించారు గాని మర్నాడు ఆయనలాగా నిలబడతానన్నవాడు లేడు, అందరూ మళ్ళీ ముందు వరుసలోకే పరిగెత్తారు.

ఆపిన బంతులు ఇలా మరుపున పడిపోతే, ఆపలేనిది మాత్రం జీవితాంతం వెంట వస్తుంది. 1950 జులై 16న రియో నగరంలోని మరకానా మైదానంలో, ప్రపంచ కప్ ఎవరిదో తేల్చిన ఆటలో, ఉరుగ్వే చేతిలో బ్రెజిల్ 2–1తో ఓడిపోయింది. ఉరుగ్వే రెండో గోల్ బంతి, కొట్టినవాడికి దగ్గరగా ఉన్న స్తంభం పక్కనుంచి లోపలికి వెళ్ళింది. బ్రెజిల్ గోల్‌కీపర్ బార్బోసా ఆ కాలంలో ఎంతో పేరున్న ఆటగాడు. ఆయన 2000లో చనిపోయేదాకా, అంటే యాభై ఏళ్ళు, ఆ ఒక్క బంతి నింద మోశాడు. నా శిష్యుడికి అంత పెద్దది కాకపోయినా అలాంటి గాయమే ఒకటి పదో తరగతిలో తగిలింది. అంతకు ముందు రెండేళ్ళలో వాడు ఎన్నో ఆటలు గెలిపించాడు. నా నోటు పుస్తకంలో లెక్కలున్నాయి, ఎనిమిది ఆటల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆ ఎనిమిది ఆటల్లో ఒక్కసారి కూడా వాడి పేరు పత్రికలో రాలేదు. ఆ ఏడు ఫైనల్ రోజున ముందు రాత్రి నుంచి ముసురు. గోల్ ముందు నేల అడుసు అయిపోయింది. ఆట ముగియబోతుండగా కొట్టిన బంతి పెద్ద బలమైనది కూడా కాదు. బురదలో ఒకసారి ఆగినట్టు ఆగి, జారి, వాడు మోకాలు వంచేలోపు రెండు కాళ్ళ మధ్యనుంచి వెళ్ళిపోయింది. మర్నాడు ఒక పత్రికలో, అది ఏ పత్రికో చెప్పడం నా ఉద్దేశం కాదు, గోల్‌కీపరు పొరపాటు వల్ల ఓటమి అని రాసి పక్కనే వాడి పేరు వేశారు.

నేను సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వాళ్ళ అమ్మకు చదువు రాదు. కొడుకు పేరు పేపర్లో పడిందని టీ కొట్టు దగ్గర ఎవరో చెబితే, ఆ కాగితం అడిగి తెచ్చుకుని, కత్తిపీట మీద ఆ ముక్క వరకూ కోసి, దేవుడి పటం చట్రంలో దోపింది. నేను కూర్చోగానే తీసి చూపించింది. పిల్లవాడు గుమ్మం దగ్గర నిలబడి నా వైపు చూశాడు. అందులో ఏముందో వాడు చెప్పలేదు, నేనూ చెప్పలేకపోయాను. మంచి పేరేనమ్మా అన్నాను. మీకు ఈ ఉత్తరం రాయాలన్న ఆలోచన నాకు ఆ రోజు నుంచే ఉంది. పొరపాటు జరిగితే రాయవద్దని నేను అనను, జరిగింది రాయడం మీ ధర్మం. కాని ఆ ముందు ఎనిమిది ఆటలకూ ఎనిమిదిసార్లు ఆ పేరు వచ్చి ఉంటే తొమ్మిదోసారి అది ఒక ఆటగాడి పేరుగా కనిపించేది. మొదటిసారే అలా రావడంతో వాడి పేరుకు ఆ పొరపాటు తప్ప వేరే అర్థం లేకుండా పోయింది.

మరుసటి ఏడు ఒక ఎంపికకు వాణ్ణి తీసుకువెళ్ళాను. ఎక్కడిది, ఎవరు నిర్వహించారు అన్నవి వదిలేస్తాను. వచ్చిన గోల్‌కీపర్లు పద్నాలుగు మంది. ముందు వరుస పిల్లలను రోజంతా ఆడించి చూసి, చివర్లో చీకటి పడుతుండగా పద్నాలుగు మందినీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరికి మూడు బంతులు కొట్టి, ఎత్తు ఎక్కువున్న ఇద్దరిని తీసుకున్నారు. మూడు బంతుల్లో గోల్‌కీపరు గురించి ఏం తెలుస్తుంది? కార్నర్ బంతికి గుంపులోంచి బయటికి వచ్చే ధైర్యం ఉందో లేదో తెలియదు, ముందున్న డిఫెండర్లను కేకేసి సర్దుకునే గొంతు ఉందో లేదో తెలియదు, గోల్ పడ్డాక మరుసటి బంతికి ఎలా నిలబడతాడో తెలియదు. ఎత్తు అవసరమే, కాదనను, పక్కల నుంచి గోల్ ముందుకు ఎత్తుగా వచ్చే బంతులకు అది చాలా ఉపయోగం. కాని అది కొలబద్దతో కొలవవచ్చు, దానికోసం పిల్లలను అంత దూరం రప్పించనక్కరలేదు. గోల్‌కీపర్లను చూడటానికి ఆ చోటులో ఆడినవాడొకణ్ణి పిలవాలి, ఒక్కొక్కరిని కనీసం ఒక పూర్తి ఆటలో చూడాలి. అది వీలుకానప్పుడు ముందు ఏడాది ఆటల వివరాలు తిరగేసి చూడాలి. ఆ వివరాలు ఎక్కడున్నాయి? గోల్ కొట్టినవాడికి పత్రిక ముక్కలు అట్ట ఫైలు నిండా ఉంటాయి. గోల్ ఆపినవాడికి వాళ్ళ మాస్టారి మాట తప్ప సాక్ష్యం లేదు. ఆ రోజు నేను చెప్పిన మాట ఎవరూ వినిపించుకోలేదు.

ఆ పిల్లవాడు ఆగలేదు. ఇంటర్ చదువుతూ, ఉదయం పూట తండ్రితో తోటలకు వెళుతూ, సాయంత్రం వాలీబాల్ కుర్రాళ్ళతో వల దగ్గర ఎగిరి దూకటం సాధన చేశాడు. గోదావరి జిల్లాల్లో వాలీబాల్‌కు ఉన్న అలవాటు గోల్‌కీపర్లకు పెద్ద ఆస్తి అని నేను వాణ్ణి చూశాకే తెలుసుకున్నాను. బంతి గాలిలో ఉండగా దాని వేళకు తగ్గట్టు ఎగరడం రెండు ఆటల్లోనూ ఒకటే. ఇరవై ఒకటో ఏట క్రీడా కోటాలో యూనిఫాం ఉద్యోగం ఒకటి దొరికి ఆ శాఖ జట్టులో చేరాడు. రెండేళ్ళు రెండో గోల్‌కీపరుగా బెంచీ మీద కూర్చుని, మొదటివాడి భుజం జారినప్పుడు గోల్‌లోకి వెళ్ళినవాడు మళ్ళీ బయటికి రాలేదు. ఇప్పుడు ముప్ఫై మూడేళ్ళు, ఇంకా ఆడుతున్నాడు. ఇల్లు కట్టుకున్నాడు. వాళ్ళ నాన్న ఇప్పుడు చెట్లు ఎక్కడం లేదు.

అందరికీ ఇలా కుదురుతుందని చెప్పి తల్లిదండ్రులను మభ్యపెట్టను. క్లబ్బు ఆటనే నమ్ముకోవడం మన దేశంలో ఇంకా నిలకడైన బతుకు కాదు. 2025లో ఇండియన్ సూపర్ లీగ్ నిర్వహణ ఒప్పందం తేలక, ఎప్పటిలా ఆ సెప్టెంబరులో పోటీలు మొదలు కాక, పేరున్న ఆటగాళ్ళు కూడా దిక్కుతోచక కూర్చున్నారు. వేళ్ళు, భుజం, మోకాలు ఎప్పుడైనా పోవచ్చు. చెల్సీ గోల్‌కీపర్ పీటర్ చెక్‌కు 2006లో తల ఎముక చిట్లి, ఆ తర్వాత వృత్తి ముగిసేదాకా తలకు రక్షణ తొడుగు పెట్టుకునే ఆడాడు. కాబట్టి చదువు మానిపించవద్దనే నేను ఏ తండ్రికైనా చెబుతాను. శాఖల జట్లలో ఉద్యోగం, శిక్షకుడి పని, వ్యాయామ విద్య చదువు, ఈ దారులు తెరిచి ఉంచుకుంటూ ఆడితే గోల్‌కీపరుకు మిగతావారికన్నా ఎక్కువ కాలం ఆట దక్కుతుంది. ఆడపిల్లల తల్లిదండ్రులకు కూడా ఇదే మాట. మన దేశపు గోల్‌కీపర్ అదితి చౌహాన్ 2015లోనే లండన్ క్లబ్బు వెస్ట్ హామ్ మహిళల జట్టుకు ఆడింది. మా వైపు బడుల్లో కబడ్డీలో నేల మీద పడటానికి ఏమాత్రం జంకని ఆడపిల్లలు ప్రతి తరగతిలో ఉన్నారు. వాళ్ళకు గోల్ చూపించినవాళ్ళు లేరు.

జిల్లాలో ఖర్చులేకుండా చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. ప్రతి మండలంలో ఒక్క బడిలోనైనా కొలత ప్రకారం స్తంభాలు పాతి, వాటిని నేలలో గట్టిగా బిగించాలి; ఊగే స్తంభం మీద పడితే పిల్లల ప్రాణానికే ముప్పు. గోల్ ముందు నాలుగు గజాల మేర కొబ్బరి పొట్టు గాని వరిగడ్డి గాని పరిచి ఉంచాలి. కోనసీమలో ఆ రెండింటికీ కొదవలేదు. గోదావరి పాయల మధ్యనున్న లంక గ్రామాల బడుల్లో వరద వచ్చిన ప్రతిసారీ మైదానం మీద ఒండ్రు పేరుకుంటుంది, 2022 జులై వరద తర్వాత మా పాత బడి మైదానంలో అరడుగు ఒండ్రు చూశాను. దాన్ని ఎత్తి పారబోయకుండా గోల్ ముందు సర్దిస్తే పిల్లలకు అంతకన్నా మెత్తని నేల దొరకదు. వ్యాయామోపాధ్యాయులు గోల్‌కీపరును ఎంచుకునేటప్పుడు పరుగు పందెం పెట్టి చివరివాణ్ణి పంపకుండా, తరగతి మొత్తానికీ తలా పది బంతులు విసిరి ఎవరి చేతులు మెత్తగా వెనక్కి వస్తున్నాయో చూడాలి. ఇవి మేం చేసుకోవలసిన పనులు.

మీరు చేయవలసినది మొదట రాసిన ఒక్కటే. ఎక్కువ చోటు పట్టదు, రెండు పేర్లకు ఒక వరుస సరిపోతుంది. ఆట హడావుడిలో ఆ పేర్లు సేకరించడం మీ విలేకరులకు కష్టమని అనుకుంటే, ఆ పని మా ప్రాంతం వరకు నాకు అప్పగించండి. వచ్చే శీతాకాలంలో అమలాపురం చుట్టుపక్కల జరిగే పాఠశాలల పోటీలన్నిటికీ నేను ఎలాగూ వెళతాను. విజిలు వేసిన పది నిమిషాల్లో రెండు జట్ల గోల్‌కీపర్ల పేర్లు, తరగతి, బడి, ఆపిన బంతుల లెక్క రాసిన కాగితం మీ విలేకరి చేతికి ఇస్తాను. నేను ఎప్పుడూ మైదానం పక్కన కాకుండా గోల్ వెనక కూర్చుంటాను. అక్కడికి వచ్చి అడిగితే చాలు.

ఇట్లు
భవదీయుడు
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా